రెండు గంటల పేషెంటు

ఈ సభకు పెద్దగా కూర్చున్న మాస్టారికి, అంటే మా పెద్ద డాక్టరు గారికి పళ్ల చదువు చెప్పి మా మీదికి వదిలిన మాస్టారికి, ఆయన పక్కనే కూర్చుని ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అని గోడ గడియారం వైపు చూస్తున్న మా పెద్ద డాక్టరు గారికి, మొదటి వరసలో ఉన్న చిన్న డాక్టరమ్మగారికి, వెనకగదిలో పళ్ల సెట్లు చేసే మా సెట్ల మాస్టారికి, నర్సమ్మలకి, వీళ్లందరినీ కన్న, కట్టుకున్న, ఇన్నేళ్లుగా భరిస్తున్న ఇళ్లవాళ్లకి పేరుపేరునా నమస్కారం.

నా రిటైర్మెంటు రోజున నేను మాట్లాడతానంటే మీలో సగంమంది నవ్వుకుని ఉంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అపాయింట్‌మెంట్లు రాసే ఆ కిటికీ వెనకాల కూర్చున్న నా నోటి నుంచి మీరు విన్నవి మూడే మాటలు. "కూర్చోండి", "పిలుస్తాను", "ఇంకో పది నిమిషాలండీ". ఆ పది నిమిషాలు ఏనాడూ పది నిమిషాలు కాలేదు. (నవ్వులు) నవ్వుతున్నవాళ్లలో నా వల్ల మధ్యాహ్నం భోజనం సాయంత్రం తిన్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి ప్రత్యేకంగా క్షమాపణలు.

ఇందాక పెద్ద డాక్టరు గారు నన్ను పొగుడుతూ, "ఈవిడ ఇన్నేళ్లలో అపాయింట్‌మెంట్ల పుస్తకంలో ఒక్క తప్పు రాయలేదు" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. చిన్న డాక్టరమ్మగారు మాత్రం కొట్టలేదు, తల దించుకుని చీర అంచు సర్దుకున్నారు. సెట్ల మాస్టారికైతే పొలమారింది. వాళ్లిద్దరికీ ఎందుకలా అయిందో చెప్పకుండా నేను ఈ గుమ్మం దాటి వెళ్తే ఇంట్లో నాకు ముద్ద దిగదు. అందుకని చెప్పేస్తాను. అయ్యా, నేను తొమ్మిదేళ్లుగా ఆ పుస్తకంలో రోజూ ఒక అబద్ధం రాశాను.

(పెద్ద డాక్టరు గారి వైపు చూసి) గడియారం చూడ్డం మానేశారు. మంచిది.

అసలు సంగతికి వచ్చే ముందు ఆ గోడ మీద ఫొటో ఒకసారి చూడండి. ఆసుపత్రికి ఇరవై ఏళ్లు నిండినప్పుడు తీయించుకున్నది. అందులో డాక్టర్ల తలలు, నర్సమ్మల తలలు అన్నీ కుడివైపుకే వాలి ఉంటాయి. ఫొటో తీసినాయన తల నిటారుగా పెట్టండి సార్ అని నాలుగుసార్లు బతిమాలాడు. "నిటారుగానే ఉంది కదయ్యా, నీ కెమెరా సరిచేసుకో" అని పెద్ద డాక్టరు గారు ఆయన్నే కసిరారు. రోజంతా వంగి ఒకళ్ల నోట్లోకి చూసీ చూసీ, నిటారు అంటే ఏమిటో వీళ్లు మర్చిపోయారు. మాస్టారూ, ఏమీ అనుకోకండి, మీ తల కూడా ఇప్పుడు అటే వాలి ఉంది. శిష్యుడికి చదువుతో పాటు మెడ కూడా ఇచ్చారు. (నవ్వులు)

పెద్ద డాక్టరు గారికి ఒక నియమం ఉంది. ఆ నియమం ఏమిటో ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. కుర్చీ ఖాళీగా కనబడకూడదు. ఒకళ్లు లేచి నోరు పుక్కిలిస్తుండగానే ఇంకొకళ్లు గుమ్మంలో ఉండాలి. ఆయన భోజనం నిలబడి చేస్తారు, అదీ ఎక్స్‌రేలు చూస్తూ చేస్తారు. ఒకసారి అన్నం తింటూ తింటూ నాతో, "ఈ పన్ను ఉంచడం కష్టం" అన్నారు. ఎవరి పన్నో అని నేను కంగారుపడి నా దవడ తడుముకున్నాను.

ఇక ఆ కుర్చీ. మీట నొక్కితే కాళ్లు మెల్లిగా పైకి లేస్తాయి, తల వెనక్కి వాలుతుంది, నడుముకి ఎక్కడ మెత్తగా ఉండాలో అక్కడ మెత్తగా ఉంటుంది. మనలో ఎవరింట్లోనూ అంత మంచి పడక లేదు. కానీ అందులో పడుకున్నవాళ్లందరూ పిడికిళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ పడుకున్నవాళ్లే. పక్కనే రోజంతా నడుములు విరగ్గొట్టుకుంటున్నవాళ్లు ఒక్కరోజు కూడా దాంట్లో వాలి ఎరగరు. నాకు ఆ కిటికీలోంచి చూస్తుంటే ఎంత విచిత్రంగా ఉండేదో చెప్పలేను.

తొమ్మిదేళ్ల కిందటి మాట చెబుతాను. డాక్టరమ్మగారూ, చెప్పమంటారా? (తల ఊపారు) సరే. అప్పట్లో ఈవిడ "నోరు తెరవండి" అనే మాట ఉదయం పదింటికి నాకు పాటలా వినిపించేది. అదే మాట మధ్యాహ్నం మూడింటికి దొంగని పట్టుకుని నిలదీస్తున్నట్టు వినిపించేది. ఈవిడ పనిచేసే రెండో గది నుంచి ఏడాదిలో ముగ్గురు నర్సమ్మలు మానేసి వెళ్లిపోయారు. ఒకరోజు బడిపంతులు ఒకాయన బుగ్గ పట్టుకుని బయటికొచ్చి నా కిటికీ దగ్గర ఆగి, "నా క్లాసులో పిల్లలు ఎందుకు ఏడుస్తారో ఇన్నాళ్లకి తెలిసిందమ్మా" అన్నారు. ఫోన్ చేసినవాళ్లు గొంతు తగ్గించి, "ఆవిడ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా" అని అడగడం మొదలుపెట్టారు. ఆవిడ చెయ్యి మంచిది కాదని కాదు. ఆ చేతికి ఏమవుతోందో ఎవరూ చూడలేదు.

నేను చూశాను. ఒకరోజు చేతులు కడుక్కునే చోట ఈవిడ రెండు చేతులూ వేడినీళ్ల గిన్నెలో పెట్టి నిలబడి ఉన్నారు. "ఏమైందమ్మా" అంటే, "వేళ్లు తిమ్మిరెక్కాయక్కా, పట్టు తెలియట్లేదు" అన్నారు. అని, వెంటనే, "పెద్ద డాక్టరు గారితో చెప్పకండి" అన్నారు. నీళ్లలో చేతులున్నాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి వీల్లేక భుజానికి రుద్దుకున్నారు. రెండురోజుల తర్వాత అంటించిన కవరొకటి తెచ్చి, "ఇది పెద్ద డాక్టరు గారికి ఇవ్వండక్కా" అని నా చేతిలో పెట్టారు. నేను విప్పలేదు. విప్పక్కర్లేకుండానే అందులో ఏముందో తెలిసింది. ఎన్నో ఏళ్లు నిద్రాహారాలు మాని చదివిన పిల్ల, ఇంకో పాతికేళ్లు పనిచేయాల్సిన పిల్ల, రోజుకి ఒక అరగంట ఆగే వీలు లేక పని మొత్తం ఆపేసుకుంటోంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పుడు చెప్పను, ఆయన నా ఎదురుగానే ఉన్నారు. (నవ్వులు)

ఆ కవరు పెద్ద డాక్టరు గారికి ఇవ్వలేదు. నా సొరుగులో పెట్టాను. మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసి, రెండో గది, రెండు గంటలు అన్న గడిలో పెన్సిలుతో ఒక పేరు రాశాను. ఎవరి పేరు రాయాలో తోచక మా మామగారి పేరు రాశాను. పాపం ఆయన అప్పటికే పోయి మూడేళ్లు. బతికుండగా ఆసుపత్రి గడప తొక్కిన మనిషి కాదు, చివరి పదేళ్లూ నోట్లో ఒక్క పన్ను లేదు. కానీ భోజనం అయ్యాక కొంప మునుగుతున్నా సరే పావుగంట నడుం వాల్చాల్సిందే. ఆయన అలా పడుకుంటే ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు చేసేవాళ్లం కాదు. అందుకే ఆయన గుర్తొచ్చి ఉంటారు.

రెండయింది. చిన్న డాక్టరమ్మగారు చేతికి తొడుగులు వేసుకుని, "మీ పేషెంటేరి అక్కా" అన్నారు. "రాలేదమ్మా" అన్నాను. "అయితే తర్వాతి వాళ్లని పంపండి" అన్నారు. "పంపడానికి లేదు, పుస్తకంలో ఈయన పేరుంది. కుర్చీ ఖాళీగా కనబడితే పెద్ద డాక్టరు గారు ఊరుకోరు. మీరే పడుకోండి" అన్నాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. నేను తలుపు దగ్గరికి వేసి వచ్చాను. పది నిమిషాల తర్వాత రెండో గదిలోంచి గురక వినిపించింది. బయట కూర్చున్న ఒక పెద్దావిడ అది ఏదో కొత్త మిషను అనుకుని, "నాకు మాత్రం దాంతో చేయొద్దమ్మా" అంది. (నవ్వులు)

అలా మొదలైంది. ఆ గడి అరగంటలో పావుగంట డాక్టరమ్మగారికి, పావుగంట నర్సమ్మకి. తర్వాత సెట్ల మాస్టారికి తెలిసి ఆయన కూడా వంతు అడిగారు, వారంలో రెండ్రోజులు ఆయనకి ఇచ్చాం. డాక్టరమ్మగారు ఆ అరగంటలోనే ఒకరోజు ఎదురువీధిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి మెడ చూపించుకుని వచ్చారు. ఆయన చెప్పిన కసరత్తులు ఆ కుర్చీ వెనకాలే చేసేవారు. మూడోవారంలో నా కిటికీ దగ్గరికొచ్చి, "ఆ కవరు ఇచ్చేశారా అక్కా" అని మెల్లిగా అడిగారు. "ఏ కవరు?" అన్నాను. నా చెయ్యి పట్టుకుని అలాగే ఒక నిమిషం నిలబడ్డారు. ఫోన్ మోగుతోంది, తీయలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను కావాలని తీయని ఫోన్ అదొక్కటే.

ఇదంతా హాయిగా నాలుగేళ్లు సాగింది. ఒకరోజు పెద్ద డాక్టరు గారు పుస్తకం తిరగేస్తూ ఆగిపోయారు. మీకు గుర్తుందాండీ? "ఎవరీయన? రోజూ రెండు గంటలకి వస్తున్నాడే" అన్నారు. నా నోటికి వచ్చింది చెప్పాను, "రూట్ కెనాల్ అండీ" అన్నాను. "నాలుగేళ్లుగానా?" అన్నారు. "వేర్లు కొంచెం వంకరండీ" అన్నాను. "పన్నుకి ఎన్ని వేర్లుంటాయమ్మా?" అన్నారు. నాకేం తెలుసండీ? నేను చదివింది పదో తరగతి.

ఇంకొకళ్లయితే, ఈవిడ ఏదో దాస్తోందని నన్ను అనుమానిస్తారు. ఈయన చిన్న డాక్టరమ్మని అనుమానించారు. పాపం ఆవిడని పిలిచి వంకర వేర్ల గురించి గంటసేపు పాఠం చెప్పి, ఇంత లావు పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. ఆవిడ బుద్ధిగా చదివారు కూడా. అంతటితో వదిలారా? మర్నాడు రెండు గంటలకి, తన పేషెంటుని నోరు తెరిపించి అలాగే వదిలేసి, "నేనే చూస్తాను" అని రెండో గదిలోకి వచ్చేశారు. ఆ రోజు కుర్చీలో వంతు సెట్ల మాస్టారిది. కళ్లకి వెలుగు పడకుండా పేషెంట్లకి పెట్టే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నారు. అడుగుల చప్పుడు వినగానే భయంతో నోరు తెరిచేశారు. (నవ్వులు)

ఇక్కడే మీకు పళ్ల డాక్టరు అంటే ఏమిటో తెలియాలి. మా పెద్ద డాక్టరు గారు మనిషి మొహం చూడరు. నోరు చూస్తారు. బజారులో ఎవరైనా నమస్కారం పెడితే ఎవరో గుర్తురాక తికమకపడతారు, వాళ్లు నవ్వగానే "ఓ, మీరా, ఎడమ కింది దవడ" అంటారు. సెట్ల మాస్టారిని ఆయన పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నారు, కానీ ఎప్పుడు చూసినా ఆ గదిలో దుమ్ముకి మూతికి గుడ్డ కట్టుకునే ఉంటారు. ఆ నోరు ఆయన ఎన్నడూ చూడలేదు. చూసిన కళ్లేమో నల్లద్దాల వెనకాల ఉన్నాయి. గుర్తుపట్టలేదు! "పెద్దాయనా, పై దవడ కుడివైపు చివరి పన్ను పుచ్చిపోయి ఉంది, ఇన్నాళ్లూ వీళ్లు నీకేం చేస్తున్నారయ్యా" అని అక్కడికక్కడే శుభ్రం చేసి, సిమెంటు పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయారు.

సెట్ల మాస్టారూ, అందరూ మీ వైపు చూస్తున్నారు, ఒకసారి నోరు తెరిచి చూపించండి. (నవ్వులు) చూశారా, పెద్ద డాక్టరు గారి పనితనం, ఐదేళ్లయినా చెక్కుచెదరలేదు. నవ్వు సరే, అందులో నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. ఊరందరికీ పళ్లు చేసిపెట్టే మనిషి నోట్లో పన్ను పుచ్చుతూ ఉంటే, పది అడుగుల దూరంలో ఇద్దరు డాక్టర్లుండి కూడా చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. దొంగ పేషెంటుగా పడుకుంటే గానీ ఆయనకి వైద్యం దొరకలేదు.

ఆ తర్వాత ఇంకో చిక్కు. పెద్ద డాక్టరు గారు నా దగ్గరికొచ్చి గర్వంగా, "మీ పెద్దాయనకి నయం చేసేశాను, ఇక రానక్కర్లేదు" అన్నారు. ఆలోచించి, "ఆయనకి ఇంకా చాలా పళ్లున్నాయండీ" అన్నాను. ఒక్క పన్ను లేని మా మామగారు పైనుంచి ఏమనుకున్నారో.

మరి ఈ అబద్ధం వల్ల ఆసుపత్రికి ఒరిగిందేమిటి అంటే, నేను కిటికీలోంచి చూసిందే చెప్పగలను. రెండో గదిలో తొమ్మిదేళ్లుగా ఒకే నర్సమ్మ ఉంది. ఆవిడ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా అని ఎవరూ గొంతు తగ్గించి అడగరు. పైగా, ఎందుకో ఏమిటో తెలియకుండానే జనం, "రెండున్నర తర్వాత ఇవ్వండమ్మా" అని అడగడం నేర్చుకున్నారు. ఆ బడిపంతులు గారు పోయిన నెల వచ్చి, పని అయ్యాక డాక్టరమ్మతో అరగంట కబుర్లు చెప్పి వెళ్లారు. అసలు వెళ్లమంటే వెళ్లరే! పడుకుని లేచిన మనిషి చేతిలో సూది కూడా మెత్తగా దిగుతుంది అని మా నర్సమ్మ అంటుంది. నాకైతే ఇంతకంటే వివరంగా చెప్పడం రాదు.

ఇదంతా ఇవాళే ఎందుకు చెబుతున్నానంటే, సోమవారం నుంచి పుస్తకం పోయి కంప్యూటరు వస్తోంది. నా చోట్లో కూర్చోబోయే అమ్మాయి, అదిగో ఆ మూల నిలబడింది, మంచిపిల్ల, మొన్న నన్ను అడిగింది, "ఆంటీ, ఈ రెండు గంటలాయన ఫోన్ నంబరెంత? నంబరు లేకపోతే ఇది ఒప్పుకోదు" అని. నేను ఇక్కడ చాలామందిని ఒప్పించాను గానీ దాన్ని మాత్రం ఒప్పించలేకపోయాను. పైగా వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల చేత అబద్ధం రాయించడానికి నాకు మనసొప్పలేదు. అంటే సోమవారం రెండు గంటలకి ఆ గడి ఖాళీ అవుతుంది, అందులోకి ఎవరో ఒక పుచ్చిపన్ను వచ్చి కూర్చుంటుంది. మళ్లీ వేడినీళ్ల గిన్నె, మళ్లీ కవరు. అందుకని అయ్యా, మీ గురువుగారి ఎదురుగా అడుగుతున్నాను, ఆయన ముందు మీరు నన్ను కసరలేరని తెలిసే అడుగుతున్నాను. ఆ అరగంట వీళ్లకి దొంగతనంగా కాకుండా ఇవ్వండి.

ఇంకొక్క మాట. ఇది చెప్పాలా వద్దా అని వారం రోజులుగా ఆలోచించాను. ఇక్కడ బయటివాళ్లు ఎవరూ లేరు, అందరం మనవాళ్లమే, కాబట్టి చెబుతాను. పెద్ద డాక్టరు గారూ, మీరు టీ కప్పు కుడిచేత్తో పట్టుకునేవారు, ఇన్నేళ్లూ అలాగే చూశాను. నాలుగు నెలలుగా కప్పు ఎడమ చేతిలోకి మారింది. మందుల చీటీలో మీ రాత ఊళ్లో నేనొక్కదాన్నే చదవగలిగేదాన్ని, ఇప్పుడు నేను కూడా చదవలేకపోతున్నాను. (నవ్వులు) నవ్వకండి. ఇది నవ్వడానికి చెప్పలేదు. పేషెంటు బయటికి వెళ్లగానే మీరు చెయ్యి బల్ల కిందకి దించి విదిలించుకుంటారు. ఎవరూ చూడలేదనుకుంటారు. ఆ కిటికీ ఉన్నదే చూడ్డానికి కదండీ.

నాకు దిగులుగా ఉందండీ. ఉద్యోగం అయిపోతున్నందుకు కాదు. ఈ తొమ్మిదేళ్లూ అందరికీ పడక వేశాను, మీకు తప్ప. మీ దగ్గర దాచాలి కాబట్టి మీకు ఇవ్వడానికి వీలు లేకపోయింది. నేను రాసిన అబద్ధానికి నాకు సిగ్గు లేదు, కానీ అందులో మీకు చోటు లేకుండా చేసినందుకు మాత్రం చాలా బాధగా ఉంది. మీ చెయ్యి ఎంతమంది నొప్పి తీసిందో నేను ఒక్కొక్క పేరూ పిలిచి పంపినదాన్ని, నాకు తెలుసు. ఆ చెయ్యి మాకు కావాలి.

అందుకని పొద్దున పుస్తకం మూసే ముందు ఆఖరి పేరు ఒకటి రాశాను. ఈసారి పెన్సిలుతో కాదు, పెన్నుతో రాశాను, చెరపడానికి వీల్లేదు. సోమవారం, రెండు గంటలు, రెండో గది. మా మామగారి పేరు కాదు, మీ పేరు. ఎదురువీధి ఎముకల డాక్టరు గారితో కూడా మాట్లాడాను, మూడింటికి మీ కోసం చూస్తూ ఉంటారు. వస్తారా?

(పెద్ద డాక్టరు గారి వైపు చెవి ఒగ్గి) ఏమన్నారండీ? కొంచెం గట్టిగా చెప్పండి, వెనకవాళ్లకి వినబడలేదు. ...

"సోమవారం కంటే ముందు ఖాళీ లేదా" అంటున్నారు.

(చప్పట్లు, నవ్వులు) ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కళ్లూ నన్ను అడిగిన మాట అదే. లేదండీ, కుదరదండీ అని చెప్పడమే నా ఉద్యోగం. మీరు పెట్టిన నియమమే అది. మీకైనా అదే చెప్పాలి. (కళ్లు తుడుచుకుని) కానీ నా ఉద్యోగం ఇందాక పూలగుత్తి ఇచ్చినప్పుడే అయిపోయింది కదా.

ఉందండీ. ఇప్పుడే రండి. రెండో గది తలుపు తీసే ఉంది, లైటు ఆర్పే ఉంది, దుప్పటి ఉతికింది వేశాను. మేమంతా ఇక్కడ మెల్లిగా టీ తాగుతాం, గిన్నె చప్పుడు కాకుండా చూసుకుంటాం. నన్ను ఇన్నాళ్లు మీలో ఒకదాన్నిగా చూసుకున్నందుకు, నా పది నిమిషాల్ని సహించినందుకు అందరికీ వేయి నమస్కారాలు. అమ్మాయ్, వెళ్లి ఆయనకి ఆ మీట ఎలా నొక్కాలో చూపించు, పడుకోవడానికి ఎలా నొక్కాలో ఆయనకి తెలీదు. సెలవు.